ఇశ్రాయేలీయుల పితృవంశమును గోత్రశబ్దమును

ఇశ్రాయేలు జనుల పండ్రెండు శాఖలకును తెలుగు బైబిలు గోత్రములని పేరిడినది. మూలపురుషుని పేరును, తండ్రినుండి కొడుకునకు సంక్రమించుటయు నుభయత్ర సమానములు గాన నీ పదము తగినట్లే తోచును. హీబ్రూ మూలమున నీ యర్థమున గనబడునవి షేబెత్, మత్తె యను రెండు పదములు. రెంటికిని మొదటి యర్థము కఱ్ఱ. పెద్ద చేతి దండము అతని యధికారమునకును, పిదప నా యధికారమునకు లోబడిన జనమునకును పేరైనది. సంఖ్యాకాండము 17వ అధ్యాయమున శాఖాధిపతుల పేళ్లు వ్రాసిన పండ్రెండు కఱ్ఱలను గుడారమున నుంచిన కథ యీ రెండర్థముల పొందికకు మంచి సాక్ష్యము. గోత్రమన్ననో వేదభాషలో పశువుల దొడ్డి. దండమెక్కడ, దొడ్డి యెక్కడ!

శాఖలోనిది మిష్పాహా, అందులోనిది బేత్ ఆబ్, అనగా తండ్రి యిల్లు. వంశావళికి వాడు తోలెదోత్ అను పదము కనుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. కనునది తల్లియే యైనను ఆ పట్టికలలో నెక్కునది తండ్రి పేరు. లేవీయకాండము 24వ అధ్యాయమున దండన పొందినవాని తల్లి దాను శాఖకు జెందిన షెలోమీతు, తండ్రి ఐగుప్తీయుడు. గ్రంథకర్త వానిని ఇశ్రాయేలీయురాలి కుమారుడనియే చెప్పి, వానితో పోరాడినవానిని మాత్రము ఇశ్రాయేలీయుడనెను. యోసేపు భార్య ఆసెనతు ఐగుప్తు పూజారి కూతురు. ఐనను ఆమె కొడుకులు ఎఫ్రాయిము, మనష్షే శాఖలకే మూలపురుషులైరి. సంతతి తల్లిని బట్టునను నియమము క్రీ. శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నాలో స్పష్టముగా గలదు.

ఆ మనష్షే శాఖవాడే సెలోపెహాదు. అతనికి కొడుకులు లేరు, కూతుండ్రు అయిదుగురు. తండ్రి పేరు మాసిపోనేల యని వారు మోషేనడిగి భూమిభాగము పొందిరి. కాని వారు పరశాఖవారిని వివాహమాడినచో భూమి యా శాఖకు బోవునని పెద్దలు మొఱపెట్టగా, తండ్రి శాఖలోనే పెండ్లాడవలెనని నిర్ణయమయ్యెను. వారు తండ్రి సోదరుల కుమారులనే వరించిరి.

ఇచ్చటనే తెలుగు పాఠశాలలో చిక్కు పుట్టును. గోత్రము పాటించువారికి సగోత్రవివాహము నిషిద్ధము. పెదతండ్రి, పినతండ్రి బిడ్డలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. మేనఱికము చెల్లును గాని యిది చెల్లదు. సంఖ్యాకాండము 36వ అధ్యాయమున గోత్రమను మాట చదివిన విద్యార్థి విధిని నిషేధముగాను, ధర్మమును వావితప్పుటగాను భావించును. భూమి తండ్రి యింట నిలుచుటకై పుట్టిన కట్టడి యని యుపాధ్యాయుడు విప్పి చెప్పినగాని యర్థము పొసగదు. అనువాదకులను నిందింప బనిలేదు. శాఖ యనిన చెట్టుకొమ్మయు వేదశాఖయు దోచును, తెగ యనిన గౌరవము చాలదు.

కొడుకులు లేని మఱియొక తండ్రి యూదా శాఖవాడగు షేషాను. ఇతడు తన కూతును ఐగుప్తీయుడగు దాసుడు యర్హాకిచ్చెనని దినవృత్తాంతముల మొదటి గ్రంథము చెప్పుచున్నది. పితృనియమమును బట్టి యా సంతతి ఐగుప్తుది కావలసినది. ఐనను పట్టిక వ్రాసినవాడు దానిని యూదా వంశముననే చేర్చి, అత్తయి మొదలు ఎలీషామావఱకు 13 తరములు తెంపులేక నడిపెను. వివాహము చెప్పిన వాక్యమున కూతురి పేరు లేదు. యర్హా తండ్రి పేరును లేదు.