వైద్యపట్టా పొందిన బిషప్పు, సారాపై ఒక చర్చ



మా ఇచ్చోడ ప్రాంతంలో కాలేయ వ్యాధిని గురించి మాట్లాడబోతే సంభాషణ తప్పక సారా వద్దకే చేరుతుంది. అప్పుడు రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. "సర్కారే అమ్మిస్తుంటే తాగవద్దని మీరెట్ల చెప్తరు డాక్టరు సాబ్?" అన్నది మొదటిది. "పూర్తిగ బందు పెడితే పీడ పోదా?" అన్నది రెండవది. ఈ రెండు ప్రశ్నలూ కొత్తవి కావు. సుమారు 280 ఏండ్ల క్రితమే బ్రిటన్ పార్లమెంటులో ఇవే ప్రశ్నలపై తీవ్రమైన వాదం నడిచింది. అందులో పాల్గొన్న ఒక బిషప్పు వైద్యశాస్త్రంలో పట్టా పొందినవాడు. ఆ చరిత్రను ఈనాడు మీ ముందుంచుతున్నాను.

క్రైస్తవ మతగురువుకు పార్లమెంటులో ఏమి పని అన్న సందేహం మీకు కలుగవచ్చు. బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభలో ఇంగ్లండు చర్చికి చెందిన 26 మంది బిషప్పులకు నేటికీ స్థానాలున్నాయి. వారు ఎన్నికై రారు. పదవిని బట్టి కూర్చుంటారు. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేదు. 1912లో మన దోర్నకల్ పీఠానికి బిషప్పైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. అంతటి పెద్దకు సైతం ఆ పదవి వలన చట్టసభలో చోటు దక్కలేదు. మన రాజ్యాంగ సభలో జెరోమ్ డిసౌజా అనే జెసూట్ గురువు ఉన్నారు గాని, ఆయన మద్రాసు నుండి ఎన్నికై వచ్చినవారు.

ఇక అసలు కథకు వద్దాము. థామస్ సెకర్ 1693లో జన్మించాడు. లండనులోను, పారిస్‌లోను వైద్యం అభ్యసించి, 1721లో హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందాడు. అయితే వైద్యవృత్తిని చేపట్టక మతగురువయ్యాడు. 1735లో బ్రిస్టల్‌కు, 1737లో ఆక్స్‌ఫర్డుకు బిషప్పు అయినాడు. పార్లమెంటు చర్చలను బయట ప్రకటించడం నిషిద్ధమైన ఆ రోజులలో, సభలో విన్న ప్రసంగాలను ఆయన స్వయంగా రాసుకొని భద్రపరిచాడు. అనంతర కాలపు చరిత్రకారులకు ఆ రాతలు విలువైన ఆధారమైనాయి.

ఆ కాలంలో లండనును పట్టి పీడించిన వ్యసనం జిన్. అది ధాన్యం నుండి బట్టీ పెట్టి తీసే ఘాటైన సారా. ఫ్రాన్సు నుండి వచ్చే బ్రాందీని అడ్డుకొనేందుకు 17వ శతాబ్దం చివర ప్రభుత్వమే స్వదేశీ బట్టీలను ప్రోత్సహించింది. ధాన్యం అమ్ముడుపోతున్నందున భూస్వాములు సంతోషించారు; పన్ను వస్తున్నందున ఖజానా సంతోషించింది. కష్టమంతా పేదల ఇండ్లపై పడింది. 1726లోనే లండను వైద్యుల కళాశాల ఈ విషయమై పార్లమెంటును హెచ్చరించింది. తాగే తల్లులకు బలహీనులైన, రోగిష్ఠులైన బిడ్డలు పుడుతున్నారన్నది ఆ హెచ్చరికలోని ముఖ్యాంశం. గర్భస్థ శిశువుపై మద్యం చూపే దుష్ప్రభావానికి వైద్యశాస్త్రం ప్రత్యేకమైన పేరు పెట్టింది 20వ శతాబ్దంలో మాత్రమే.

1736లో పార్లమెంటు మేల్కొని కఠిన చట్టం చేసింది. చిల్లర అమ్మకానికి 50 పౌండ్ల లైసెన్సు, గ్యాలనుకు 20 షిల్లింగుల పన్ను విధించింది. పేరుకు పన్నే అయినా, ఆచరణలో అది నిషేధం. ఫలితమేమైనది? లైసెన్సు తీసుకొన్నవారు వేళ్లపై లెక్కింపదగినంత మంది. అమ్మకం సందుగొందులలోకి జారింది. దొంగచాటు అమ్మకందారులను పట్టిచ్చినవారికి బహుమతి ఇస్తామన్నారు. పట్టిచ్చినవారిని జనం వీధులలో వెంటాడి కొట్టారు. తాగుడు తగ్గలేదు సరికదా పెరిగింది. 1743 నాటికి ఏటా సుమారు 80 లక్షల గ్యాలన్ల సారా తయారవుతుండెను.

ఆ ఏడాది ప్రభుత్వం కొత్త బిల్లు తెచ్చింది. లైసెన్సు రుసుమును 50 పౌండ్ల నుండి ఒక్క పౌండుకు దింపి, తయారీ పన్నును కొద్దిగా పెంచాలన్నది ప్రతిపాదన. ఐరోపాలో యుద్ధం నడుస్తున్నది. తెచ్చే అప్పుకు ఈ రాబడే ఆధారం. ఎవరూ పాటించని చట్టం కంటె, పాటింపదగిన చట్టం మేలన్నది ప్రభుత్వ వాదం. విలాసంపై పన్ను వేయవచ్చు గాని, దుర్వ్యసనంపై పన్ను వేయడమంటే దానికి అనుమతి ఇచ్చినట్లేనన్నది చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు వాదం. సెకర్ ఆ బిల్లును వ్యతిరేకించాడు. ఓటు వేసిన బిషప్పులందరూ ఆయన పక్షమే నిలిచారు. సాధారణంగా వారు ప్రభుత్వం వైపు ఉండేవారు. ఇంతమంది బిషప్పులు తనతో కలిసి ఓటు వేయడం చూచి, పొరపాటున ఎదుటి పక్షంలోకి వచ్చానేమోనని చెస్టర్‌ఫీల్డ్ చమత్కరించాడట. ఇంత జరిగినా బిల్లు నెగ్గింది.

ఇక్కడ మనం నిజాయితీగా ఆలోచింపవలసి ఉన్నది. ప్రజల రోగంపై రాబడి నిలుపుకోవచ్చునా అన్న బిషప్పుల ప్రశ్న సరియైనది. కాని వారు కాపాడదలచిన 1736 నాటి చట్టం అప్పటికే విఫలమైనది. అదే సమయంలో, ఎవరికైనా లైసెన్సు ఇస్తే చాలునన్న ధోరణి కూడ నిలువలేదు. 1747లో బట్టీదారులకు చిల్లర అమ్మకపు హక్కు తిరిగి ఇవ్వగా, సమస్య మళ్లీ ముదిరింది.

అప్పుడు వూస్టర్ బిషప్పు ఐజాక్ మాడక్స్ ఉద్యమానికి పూనుకొన్నాడు. తన పట్టణంలో పేదలకు ఆసుపత్రిని నెలకొల్పినవాడు, మశూచికి టీకా వంటి రక్షణ నిచ్చే ప్రాచీన పద్ధతిని సమర్థిస్తూ 1752లో ప్రసంగించినవాడు ఈయనే. ఆయన వంటివారి ఒత్తిడి ఫలితంగా 1751లో మరొక చట్టం వచ్చింది. అది నిషేధం కాదు. పన్ను పెంచింది. బట్టీదారులు చిల్లరగా అమ్మరాదన్నది. స్థిరమైన దుకాణం గలవారికే లైసెన్సు అన్నది. చిన్న మొత్తాల సారా బాకీలను న్యాయస్థానం ద్వారా వసూలు చేసుకొనే హక్కును తీసివేసింది. అనగా అరువు సారాకు అడ్డుకట్ట వేసింది. తరువాతి దశాబ్దంలో తాగుడు బాగా తగ్గింది. పంటలు దెబ్బతిని ధాన్యంతో సారా తీయడాన్ని 1757లో నిలిపివేయడం, పేదల కొనుగోలు శక్తి తగ్గడం కూడ అందుకు కారణాలే. ఘనతనంతా చట్టానికే కట్టబెట్టరాదు.

ఈ కథ మనకెందుకు? 1948 నవంబరులో మన రాజ్యాంగ సభలో మద్యనిషేధం చర్చకు వచ్చింది. నేటి 47వ అధికరణంలోని ఆ ఆదేశాన్ని ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ప్రశ్నించారు. ఆదివాసీల పూజలలోను, శ్రమజీవనంలోను బియ్యపు మద్యానికి చోటున్నదని ఆయన గుర్తుచేశారు. ఇప్పపువ్వుతో తరతరాల అనుబంధమున్న గోండు గూడేల నడుమ బతికే మనకు ఆ మాట సులభంగా అర్థమవుతుంది. పండుగనాడు దేవునికి సమర్పించే సారా వేరు. అప్పు పెట్టి రోజూ మింగించే గుడుంబా, బెల్టు షాపు సీసా వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలింపు జరిగింది. దొంగరవాణా, ఖజానా లోటు అన్న ఆనాటి కారణాలు 1743 నాటి వాదాలకు ఎంత దగ్గరివో గమనించండి.

బిషప్పుల పాత్ర నేటికీ ముగియలేదు. సారా ముల్లాలీ నర్సు. 1999 నుండి 2004 వరకు ఇంగ్లండు ప్రధాన నర్సింగ్ అధికారి. 2018లో లండను బిషప్పై ప్రభువుల సభలో ప్రవేశించారు. వైద్యుల సాయంతో మరణాన్ని కోరే హక్కును ఆమె వ్యతిరేకిస్తూ, నొప్పినివారణ సేవలను బలపరచాలని వాదించారు. 2025 అక్టోబరులో ఆమెను కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా ప్రకటించారు. సెకర్ కూడ 1758లో అధిష్ఠించిన పీఠమే అది. ఎన్నిక కాని మతగురువులకు చట్టసభలో చోటు ఉండవచ్చునా అన్నది వేరే వివాదం. నేను గ్రహించినది ఇంతమాత్రమే: రోగి పక్కన నిలిచినవారు చట్టసభలో మాట్లాడితే, లెక్కలలో కనబడని బాధ చర్చలోకి వస్తుంది. అయితే బాధ తెలిసినంత మాత్రాన పరిష్కారం తెలియదు; దానిని ఫలితాలతో పరీక్షించుకోవాలి.

కావున మీ ఊరిలో ఎవరైనా సారా సంగతి ఎత్తినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. అరువుపై అమ్ముతున్నదెవరు? లైసెన్సు లేకుండా ఇంటింటికీ చేరవేస్తున్నదెవరు? గ్రామసభలో తేల్చుకోదగిన విషయాలివి.

వైద్యునిగా మరి మూడు మాటలు. గర్భిణికి మద్యం ఏ కొంచెమూ క్షేమం కాదు. ఏండ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానవద్దు. రెండు మూడు రోజులలోపే మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణం మీదకు రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో, విటమిన్ బి1తో సహా చికిత్స పొందుతూ మానాలి. ఆదిలాబాద్ రిమ్స్‌లోని మానసిక వైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

తాగేవాడు నేరస్థుడు కాడు, రోగి. ఈ చూపుతో మొదలుపెడితే, మన చర్చలు కూడ సరియైన తోవలో నడుస్తాయి.