పేరు మరుగుపరచిన రేవు: మొనే ‘ఇంప్రెషన్, సూర్యోదయం’

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మొనే (1840–1926) గీసిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ ఒక కళోద్యమానికి పేరిచ్చిన చిత్రంగా ప్రసిద్ధం. ఆ ప్రసిద్ధే చిత్రంలోని చారిత్రక వస్తువును చాలావరకు మరుగుపరచింది.

చిత్రంలో ఉన్నది ఫ్రాన్సు ఉత్తర తీరంలోని లె హావ్ర్ రేవు. మొనే పెరిగిన ఊరు అదే. 48 సెం.మీ. ఎత్తు, 63 సెం.మీ. వెడల్పు గల ఈ తైలవర్ణ చిత్రంపై 1872 అనే సంవత్సరం కనిపిస్తుంది. నారింజరంగు సూర్యబింబం, నీటిపై దాని ప్రతిఫలనం, ముందుభాగంలో ముదురు ఛాయలుగా తేలే చిన్న పడవలు మొదట దృష్టిని ఆకర్షిస్తాయి. నిదానించి చూస్తే వాటి వెనుక ఓడల తెరచాప కొయ్యలు, బరువులెత్తే క్రేన్లు, పొగగొట్టాలు రూపుకడతాయి. 1870–71 యుద్ధంలో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్సు తిరిగి కోలుకుంటున్న కాలమది. కళాచరిత్రకారుడు పాల్ హేస్ టక్కర్ ఈ చిత్రాన్ని ఆ జాతీయ పునరుజ్జీవన నేపథ్యంలోనే వ్యాఖ్యానించాడు.

మరి రేవు ఎందుకు మరుగుపడింది? 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, ఫోటోగ్రాఫర్ నదార్ పూర్వపు స్టూడియోలో, అధికారిక ‘సలోన్’తో సంబంధం లేకుండా కొందరు చిత్రకారులు ప్రదర్శన ఏర్పాటు చేశారు. కేటలాగు కోసం పేరు అడిగినప్పుడు, ఇది లె హావ్ర్ దృశ్యంగా చెల్లదు కనుక ‘ఇంప్రెషన్’ అని వేయమన్నానని మొనే తరువాతి కాలంలో చెప్పాడు. అంటే స్థలనామాన్ని చిత్రకారుడే విడిచిపెట్టాడు. ఏప్రిల్ 25న ‘లె షారివారి’ పత్రికలో విమర్శకుడు లూయీ లెర్వా ఆ మాటనే పట్టుకొని ప్రదర్శనను ఎగతాళి చేశాడు. 1877 నాటి మూడవ ప్రదర్శనకు ఆ చిత్రకారులు ‘ఇంప్రెషనిస్టులు’ అన్న పేరునే స్వీకరించారు. అప్పటినుంచి చర్చ కాంతి, కుంచె విసురు, క్షణికానుభూతి చుట్టూ సాగింది.

ఈ చర్చ అసంగతమేమీ కాదు. సూర్యుడి ప్రకాశం చుట్టూ ఉన్న ఆకాశపు ప్రకాశంతో దాదాపు సమానం. నలుపు–తెలుపు ప్రతిలో ఆ బింబం ఇంచుమించు మాయమవుతుంది. దానిని నిలబెట్టేది వర్ణభేదమే. అయితే కాంతిని, రేవును విడదీసి చూడటం పొరపాటు. ఆ కాంతి వడగట్టబడి వస్తున్నది సముద్రపు మంచులోంచి మాత్రమే కాదు, పొగగొట్టాల పొగలోంచి కూడా. తెలుగులోని ‘పొగమంచు’ అన్న సమాసం ఈ చిత్రానికి అక్షరాలా వర్తిస్తుంది. తెడ్డు వేసే మనిషి, అతని వెనుక యంత్రాలు ఒకే తెర వెనుక కనబడటమే ఈ చిత్రం నమోదు చేసిన చరిత్ర.