సముద్రం నుంచి వార్ధా దాకా: ఒక ఆగిపోయిన నీటిదారి

ఆర్మూరు పసుపు చేలు దాటి ఉత్తరానికి పోతే గోదావరి తగులుతుంది. పోచంపాడు మీదుగా సాగే ఈ నదిలో ఒక పాయ కోరంగి మడ అడవుల దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. 19వ శతాబ్దంలో మద్రాసు ఇంజినీర్లు అదే దారిని కింది నుంచి పైకి పట్టారు. తీరం నుంచి దక్కను నడిబొడ్డు దాకా పడవలు నడపాలన్నది వాళ్ల ఆశ.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ చూపు ఇక ఎగువకు మళ్లింది. పాపికొండలు దాటాక ఆ రోజుల్లో సరైన బాటలే లేవు; దట్టమైన మన్యం, అక్కడక్కడా కోయపల్లెలు. కాటన్ అనుచరుడు ఎఫ్.టి. హేగ్ నదిని పరిశీలించి, పడవలు నడుస్తాయని ప్రభుత్వానికి నివేదించాడు. ఈ హేగే 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో కోయల కోసం క్రైస్తవ మిషన్‌కూ నాంది పలికాడు.

వాళ్లకు కావలసింది ఎగువన ఉన్న వార్ధా లోయ పత్తి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పత్తి కరవైంది. దాంతో ఈ పథకానికి ఊపు వచ్చింది. అయితే దారిలో మూడు చోట్ల నది బండల మీదుగా దూకుతుంది: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ఉపనది ప్రాణహిత మీద దేవలమర్రి. కాళేశ్వరం దగ్గర దారి ప్రాణహితలోకి తిరుగుతుంది కాబట్టి నిజామాబాద్ వైపు గోదావరి ఈ లెక్కలోకే రాలేదు.

బండలున్నచోట ఒడ్డు వెంట కాలువ తవ్వి లాకులు కట్టాలి. పడవ లాకు గదిలోకి రాగానే వెనక తలుపు మూస్తారు. పైనుంచి నీళ్లు వదిలితే పడవ మెల్లగా పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు. చెప్పడానికి తేలికే. కానీ వానాకాలంలో వరద, వేసవిలో ఇసుక మేటలు, ఏడాది పొడుగునా చలిజ్వరం. జ్వరానికి కూలీలు నిలవలేదు, పనులు ఏళ్లకేళ్లు సాగాయి.

ఈలోగా 1865లో అమెరికా యుద్ధం ముగిసింది, 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. వార్ధా పత్తికి గోదావరితో పని లేకపోయింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలేసింది. నదిని లోతుగా చదివిన ఇంజినీర్లు రైలు వేగాన్ని మాత్రం తక్కువ అంచనా వేశారనిపిస్తుంది.

దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది. భద్రాచలం రాముణ్ని దర్శించుకునేవాళ్లు ఇంకాస్త ఎగువకు వెళ్లి దాన్నీ చూసి రావాలి.