మెహరుంది, ఇల్లేది?

కొమురవెల్లి మల్లన్న గుడిలో దేవుడికి ఒకపక్క గొల్ల కేతమ్మ, ఇంకోపక్క బలిజ మేడలమ్మ. ఇద్దరికీ చోటుంది. మరి తలాఖ్ అయిన ఆడమనిషికి తను ఊడ్చి అలికిన ఇంట్లో చోటుందా? నలుగురు పెళ్లాల సంగతి అందరూ మమ్మల్ని అడిగారు. ఈ సంగతి ఎవరూ అడగలేదు.

షరియత్‌లో భార్య సొమ్ము భార్యదే, భర్త సొమ్ము భర్తదే. ఇది చిన్న సంగతేం కాదు. 1882 చట్టం వచ్చేదాకా ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ ఆస్తి చాలావరకు భర్త చేతికే పోయేది. కానీ ఇంటి కాగితం ఆయన పేర ఉంటే, ఆ లెక్కే ఆమెను గడప బయట నిలబెడుతుంది. ఆమెకు మిగిలేది మెహర్ బాకీ. భర్త పోయిన స్త్రీ ఆ బాకీ తీరేదాకా తన స్వాధీనంలో ఉన్న ఆస్తిని వదలక్కర్లేదని కోర్టులు ఒప్పుకున్నాయి. హైదరాబాద్ నుంచి వెళ్లిన కపూర్‌చంద్ కేసులో 1950లో సుప్రీంకోర్టు దానికీ హద్దు గీసింది. మిగతా అప్పులవాళ్లకన్నా ఆమెకు ముందు హక్కేం లేదంది.

ఇక షాబానో. 1932లో పెళ్లి. 1975లో ఇంట్లోంచి గెంటేశారు. 43 ఏళ్ల కాపురం! భర్త వకీలు. మేజిస్ట్రేట్ నెలకు 25 రూపాయలిమ్మన్నాడు, హైకోర్టు 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తే దేశమంతా ఆ పైసల మీదే కొట్లాడింది. మా పెద్దలు షరియత్ అన్నారు, అవతలివాళ్లు ఉమ్మడి పౌరస్మృతి అన్నారు. ఆ ఇంట్లో ఆమెకు ఎన్ని గజాలని రెండువైపులా ఒక్కరూ అనలేదు.

1986 చట్టం మెహర్‌ను, పెళ్లికిచ్చిన సామాన్లను ఆమెవే అంది. 2001లో డానియల్ లతీఫీ కేసులో, ఇద్దత్ లోపల ఆమె ముందు బతుక్కి భర్త చేయాల్సిన ఏర్పాటులో నివాసం కూడా రావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. నివాసమే, వాటా కాదు. 2024 జులై 10న తీర్పొచ్చిన అబ్దుల్ సమద్ కేసు మన తెలంగాణదే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలంటే హైకోర్టు 10 వేలు చేసింది. సుప్రీంకోర్టు 125 సెక్షన్ తలుపు మళ్లీ తెరిచింది. అయినా మళ్లీ నెలజీతం మాటే.

హిందూ అక్కచెల్లెళ్లదీ ఇదే గతి. కాపురంలో కొన్న ఇంటిని విడాకులప్పుడు పంచే చట్టం మన దేశంలో గోవాలో తప్ప దాదాపు ఎక్కడా లేదు.

మెహర్‌గా ఇంటినే రాయొచ్చు. షరియత్ అడ్డు చెప్పదు. నికాహ్ నామాలో ఆ గీత ఖాళీగా ఉన్నప్పుడే పిల్ల తరఫువాళ్లు ఇంటి నంబరు, గజాలు రాయించి, తర్వాత రిజిస్ట్రీ ఆఫీసుకు పోవాలి.