మత్తు నుంచి లేవని మూగజీవి: ఒక పాత ఫిర్యాదు చరిత్ర

మా వీధిలో ఒక కుటుంబం తమ పెంపుడు కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. ఉదయం తోకాడిస్తూ కారెక్కిన ఆ ప్రాణి సాయంత్రం దుప్పటిలో చుట్టి ఇంటికి వచ్చింది. మర్నాడు ఆ ఇంటి యజమాని నా దగ్గరకు వచ్చారు. ఆయన నష్టపరిహారం గురించి అడగలేదు. "డాక్టరు గారూ, అసలేం జరిగింది? ఒక్కరూ సరిగ్గా చెప్పరేం?" అన్నారు. ఏళ్ల తరబడి మనుషులకు వైద్యం చేసిన నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. లోకానికీ కొత్తది కాదు.

క్రీ.పూ. 18వ శతాబ్దంలో బాబిలోన్‌ను ఏలిన హమ్మురాబి తన శాసనంలో పశువైద్యుణ్ణి కూడా ప్రస్తావించాడు. ఎద్దుకో గాడిదకో పెద్ద శస్త్రచికిత్స చేసినప్పుడు అది చనిపోతే, దాని వెలలో నాలుగో వంతు యజమానికి చెల్లించాలి. మన కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని గురించి చెబుతూ ఇంకా కఠినంగా పలికాడు. చికిత్సలోనో మందులోనో లోపం వల్ల గుర్రానికి రోగం ముదిరితే చికిత్స ఖర్చుకు రెట్టింపు జరిమానా. వైద్యుని తప్పు వల్ల అది చనిపోతే పూర్తి వెల. రెండు చోట్లా చట్టం ఆస్తినే చూసింది. ఆ ప్రాణి ఎందుకు చనిపోయిందో యజమానికి వివరించాలన్న నియమం వాటిలో లేదు.

"ఎందుకు" అన్న ప్రశ్నకు పదును పెట్టింది మత్తుమందు. 1848 జనవరిలో ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపంలో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక, కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, నిమిషాల్లో మరణించింది. అంత చిన్న పనికి ప్రాణం పోవడం జనాన్ని కలవరపెట్టింది. అధికారిక విచారణ జరిగింది. క్లోరోఫారం ఊపిరిని ముందు ఆపుతుందా, గుండెనా అనే వాదం దశాబ్దాలు సాగింది.

ఆ వాదం మన హైదరాబాదుకూ వచ్చింది. ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, నిజాం ఆర్థిక సాయంతో 1888లోనూ 1889లోనూ క్లోరోఫారం కమిషన్లు నడిపించాడు. వందలాది కుక్కలపై ప్రయోగాలు చేశారు. ముందు ఆగేది ఊపిరే కనుక దాన్ని గమనిస్తే చాలని లారీ తేల్చాడు. మత్తు తక్కువగా ఉన్నప్పుడు కూడా క్లోరోఫారం గుండె లయను తప్పించి చంపగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు పిల్లులపై చూపాడు. ఊపిరినీ గుండెనూ రెండింటినీ కనిపెట్టి ఉండాలన్న పాఠం మనకు మూగజీవుల ప్రాణాలతో దక్కింది. ఆ పాఠం ఫలం వాటికీ అందాలి కదా!

ఎంత అందింది? 2002–2004 మధ్య బ్రిటన్‌లో పెంపుడు జంతువుల మత్తు మరణాలపై పెద్ద అధ్యయనం జరిగింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో సుమారు 1,850కి ఒకటి, పిల్లుల్లో సుమారు 900కు ఒకటి మత్తు కారణంగా చనిపోయాయి. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో సగానికి మించి, ఆపరేషన్ ముగిశాకే ప్రాణం విడిచాయి. వాటిలోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోనే. అంటే కుట్లు వేయడంతో కాపలా ముగియకూడదు.

మరణం జరిగినంత మాత్రాన నేరం జరిగినట్టు కాదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా నూటికి నూరు పాళ్లు భరోసా ఇవ్వగల వైద్యుడు లేడు. ఈ మాట నిజమే గాని, దీన్ని అడ్డుపెట్టుకుని మౌనం వహించడం మాత్రం తప్పు.

కనుక ముందే అడగండి: ఆపరేషన్‌కు ముందు ఏ పరీక్షలు చేస్తారు? మత్తులో ఉండగా ఊపిరిని, గుండెను ఎవరు గమనిస్తారు? మెలకువ వచ్చేదాకా పక్కన ఎవరుంటారు? పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులైతే మరింత శ్రద్ధగా అడగండి. అనుకోనిది జరిగితే చికిత్స, మత్తుమందు వివరాల నకలు కోరండి. కారణం తెలియాలనుకుంటే కళేబరాన్ని పూడ్చకండి, గడ్డకట్టించకండి; చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా ఆ ఆపరేషన్‌తో సంబంధం లేని పశువైద్యునితో శవపరీక్ష చేయించండి. దగ్గర్లోని పశువైద్య కళాశాలలో అడిగి చూడవచ్చు.

అప్పటికీ జవాబు దొరకకపోతే దారులున్నాయి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర మండలికి వృత్తి ప్రవర్తనపై ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు చెల్లించి పొందిన సేవలో లోపం ఉందనుకుంటే రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కానీ కోపంతో ఊరంతా చాటడానికి ముందు కాగితాలు చేత పట్టుకుని ఒకసారి ఆ వైద్యుని ఎదుట కూర్చోండి.

వైద్య సోదరులకు కూడా ఒక మాట. మా వీధి యజమాని ఆ కుక్క వెల ఎంతో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కావలసింది అది కాదు. పది నిమిషాలు కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పే మనిషి కావాలి.