మామ్మ పెట్టిన ముహూర్తం

మొన్న దసరా ముందు అటక దులిపిస్తుంటే పాత ప్రెషర్ కుక్కరు వెనకనుంచి ఓ డీవీడీల పెట్టె బయటపడింది. ‘మాల్గుడి డేస్’! ఎప్పుడో పదిహేనేళ్ళ కిందట ముచ్చటపడి కొనుక్కున్నాను. కొన్నదాన్ని కొన్నట్టే అటకెక్కించిన ఘనతా నాదే. మా అమ్మాయి దృష్టిలో డీవీడీ అంటే గ్రామఫోను రికార్డుతో సమానం. “ఇవి ఇంకా పనిచేస్తాయా అమ్మా?” అంది జాలిగా. అదృష్టం బాగుండి వాటిని ఆడించే యంత్రం కూడా ఆ అటకమీదే దొరికింది. దుమ్ము తుడిచి, వైర్లన్నీ తగిలించి, బొత్తాం నొక్కానో లేదో... ఆర్.కె. లక్ష్మణ్ గారి గీతల బొమ్మలు, వాటి వెనకాల మాటల్లేకుండా సాగే ఆ రాగం! ఎల్. వైద్యనాథన్ గారు ఏ వేళ కట్టారో గానీ, వంటింట్లో కాకరకాయలు తరుగుతున్న మా అమ్మ కత్తిపీట దిగి వచ్చేసింది.

“ఇది మీ మామ్మ పాట కదుటే!” అంది, గుమ్మంలోనే నిలబడిపోయి.

పాట మా మామ్మది ఎలా అయిందో చెప్పాలంటే 1987కి వెళ్ళాలి. బందరులో మా వీధి మొత్తానికి రెండే టీవీలు. అందులో ఒకటి మాది. ఉన్నది ఒక్క దూరదర్శన్. దానికోసం మా అన్నయ్య డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే, కిందనుంచి నేను “వచ్చింది... పోయింది... మళ్ళీ వచ్చింది” అని కేకలు పెట్టేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తెరమీద స్వామిది కూడా ఇంచుమించు అదే వయసు. ఇంకేం కావాలి? వాడు నా స్నేహితుడు, అంతే!

అసలు ఆ సీరియల్ మా ఇంటికి చేరిన దారి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రాసినాయన ఇంట్లో మాట్లాడేది తమిళం. రాసింది ఇంగ్లీషులో. తీసింది కన్నడం వాళ్ళు. మాకు వినిపించేది హిందీ. ముందు వరసలో వాలుకుర్చీ వేసుకుని చూసేది, తెలుగు తప్ప మరో ముక్క రాని మా మామ్మ! మధ్యలో దుబాసీని నేను. నాకు వచ్చిన హిందీ ఎంతనీ? హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక పరీక్షకి కట్టేంత. తెలిసింది చెప్పేదాన్ని. తెలియనిది కల్పించేదాన్ని. కథలు రాయడం బహుశా అక్కడే మొదలుపెట్టి ఉంటాను.

ఇంతకీ ఆ మాల్గుడి అనే ఊరు ఎక్కడ పుట్టిందో మీకు తెలుసా? మ్యాపులో వెతక్కండి, దొరకదు. ఆర్.కె. నారాయణ్ గారు 1906లో మద్రాసులో పుట్టారు. తండ్రిగారు మైసూరు సంస్థానంలో హెడ్మాస్టరు. పిల్లవాణ్ణి మాత్రం మద్రాసు పురసవాక్కంలో అమ్మమ్మ దగ్గర వదిలారు. లెక్కలు, పురాణాలు, సంస్కృతం, సంగీతం అన్నీ ఆవిడే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆ కుర్రాడు పెద్దవాడై, పరీక్షలు తప్పి, గట్టెక్కి, రచయితనవుతానని కూర్చుంటే ఇంట్లోవాళ్ళు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. అమ్మమ్మ మాత్రం మంచిరోజు చూసిపెట్టింది! 1930 సెప్టెంబరులో, బెంగుళూరులో, ఆవిడ పెట్టిన ముహూర్తానికి ఓ నోటుపుస్తకం కొనుక్కుని కూర్చున్నారట. మొదటి వాక్యంతోపాటే ఓ చిన్న రైల్వేస్టేషను కళ్ళముందుకొచ్చింది. ఆ స్టేషను పేరే మాల్గుడి.

ముహూర్తబలం ఫలించడానికి ఐదేళ్ళు పట్టిందనుకోండి. ఇంగ్లండు పంపిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ రాతప్రతి గోడకి కొట్టిన బంతిలా తిరిగొస్తుంటే విసిగిపోయి, “రాయి కట్టి థేమ్సు నదిలో పారెయ్” అని ఆక్స్‌ఫర్డులో ఉన్న స్నేహితుడికి రాశారు. ఆ స్నేహితుడు పుణ్యాత్ముడు. నదికి ఇవ్వకుండా గ్రాహం గ్రీన్ అనే రచయిత చేతికిచ్చాడు. గ్రీన్ పూనికతో 1935లో పుస్తకం అచ్చయింది. చెప్పిన పని చెయ్యని స్నేహితులు కూడా ఒక్కోసారి ఎంత మేలు చేస్తారో!

మరో యాభై ఏళ్ళకి శంకర్ నాగ్ దాన్ని తెరకెక్కించాడు. కన్నడంలో పెద్ద హీరో, ముప్పై రెండేళ్ళు కూడా నిండీ నిండని మనిషి. స్టూడియోలో అట్టముక్కలతో ఊరు కట్టకుండా పడమటి కనుమల్లోని ఆగుంబె వెళ్ళాడు. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైచిలుకు వాన కురిసే చోటు అది. పెంకుటిళ్ళు, కొయ్యస్తంభాల మండువాలు, అరుగులు, పచ్చదనం... 1930 నాటి ఇల్లు కావాలంటే అక్కడ జనం కాపురం ఉంటున్న ఇల్లే సరిపోయింది. రైలు కోసం శివమొగ్గ జిల్లాలోనే అరసాళు స్టేషనుకి వెళ్ళారు. ఆ పాత స్టేషను కట్టడమే ఇప్పుడు మాల్గుడి పేరుతో మ్యూజియం అయింది. లేని ఊరికి ఉన్న స్టేషను!

అందుకేనేమో, ఇప్పుడు చూస్తుంటే రెండు కాలాలు కనిపించాయి. ఒకటి కథలోని 1930. రెండోది, తీసిన రోజుల నాటి ఆ తీరికైన నడక. ఒక్క పిల్లవాడు గోడ పక్కనుంచి బడికి నడిచి వెళ్ళడాన్ని అంతసేపు చూపించే ధైర్యం ఇవాళ ఎవరికుంది చెప్పండి? మా అమ్మాయి మొదటి పదినిమిషాలు ఫోను వైపు చూస్తూనే ఉంది. మామిడిపళ్ళ లెక్క వచ్చేసరికి ఫోను పక్కన పెట్టింది.

మీకూ గుర్తుండే ఉంటుంది. రాముడి దగ్గర పది మామిడిపళ్ళు, వాటికి పదిహేనణాలు కావాలంటాడు. కృష్ణుడికి నాలుగే కావాలి, ఎంతివ్వాలి? స్వామికి ఆ పళ్ళు పండాయా లేదా అన్నదే బెంగ! చిన్నప్పుడు నేను స్వామి పక్షం. తండ్రి వేషం వేసిన గిరీష్ కర్నాడ్ అంటే హడలి చచ్చేదాన్ని. ఇప్పుడు ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ తండ్రిని చూస్తే జాలేసింది. మా అమ్మాయికి లెక్కలు చెప్పిన అనుభవం మరి! అన్నట్టు, జవాబు ఆరణాలు.

ఆ గిరీష్ కర్నాడే 1983లో మన జంధ్యాలగారి ‘ఆనంద భైరవి’లో కూచిపూడి గురువు. ఆయన 2019లో పోయారు. తల్లి వేషం వేసిన వైశాలి కాసరవళ్ళి 2010లో పోయారు. శంకర్ నాగ్ మరీ ముందు, 1990 సెప్టెంబరు 30న, దావణగెరె దగ్గర కారు ప్రమాదంలో, ముప్పై ఆరేళ్ళు నిండకుండానే. తెరమీద మాత్రం అందరూ హాయిగా ఉన్నారు. పాత సీరియళ్ళు చూడటంలో సుఖమూ అదే, దిగులూ అదే.

ఆ రాత్రి నిద్ర పట్టక నవల తీశాను. అందులో స్వదేశీ సభ జరిగిన తేదీ చూసి ఉలిక్కిపడ్డాను. 1930 ఆగస్టు 15! పుస్తకం అచ్చయిన పన్నెండేళ్ళకి గానీ ఆ తేదీకి ఓ అర్థం రాలేదు. ఆ సభలోనే మన స్వామి తన టోపీ విదేశీదనుకుని మంటలో పారేసి వస్తాడు. చరిత్ర పుస్తకాల్లో ఉద్యమం ఉంటుంది. టోపీ పోగొట్టుకున్నందుకు ఇంట్లో ఏం జవాబు చెప్పాలో తెలియని పిల్లవాడు ఇలాంటి కథల్లోనే ఉంటాడు.

కాని నన్ను నిద్రపోనివ్వనిది టోపీ కాదు, నిమ్మకాయ. స్వామి నాయనమ్మ ఉండేది హాలుకీ భోజనాల గదికీ మధ్య చీకటి నడవలో. తన పరుపుచుట్ట, తన పెట్టె, అదే ఆవిడ రాజ్యం. ఓ రోజు కడుపునొప్పిగా ఉంది, ఓ నిమ్మకాయ తెచ్చిపెట్టమని అడుగుతుంది. స్నేహితులు ఎదురుచూస్తున్నారని వాడు తేనని పారిపోతాడు. పోయాడే గానీ, ఆటలో మనసు నిలవదు. తిరిగొచ్చి నాయనమ్మ బాగానే ఉందని తెలిసేదాకా వాడికి ప్రాణం కుదుటపడదు.

చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే నా నిమ్మకాయ నాకు గుర్తొచ్చింది.

ఓ రోజు సీరియల్ మంచి పట్టులో ఉంది. మామ్మ “ఏమంటున్నాడే?” అంది. చెప్పాను. మరో నిమిషానికి మళ్ళీ “ఏమందే ఆవిడ?” అంది. నేను చెప్పేలోపల తెరమీద రెండు మాటలు దాటిపోతున్నాయి. టీవీ నాకోసం ఆగదుగా! “ప్రతిదీ చెప్పలేను మామ్మా! చూస్తే చూడు, లేకపోతే పోయి పడుకో” అనేశాను. మామ్మ ఏమీ అనలేదు. లేచి పోనూ లేదు. ఆ తరవాత ఏ వారమూ మళ్ళీ అడగలేదు. రాగం వినపడగానే వచ్చి కూర్చునేది, అయిపోగానే కొంగు దులుపుకుని లేచేది. నేను కూడా, హమ్మయ్య, గొడవ వదిలిందనుకున్నాను. స్వామికున్నపాటి బుద్ధి కూడా నాకు లేకపోయింది.

మామ్మ 1989లో పోయింది.

ఇదంతా అమ్మతో చెప్పుకుంటే ఆవిడ నవ్వింది. “నీ మొహం! మర్నాడు పక్కింటి పిన్నిగారికి ఆ కథంతా చెప్పేది కాదుటే! ఆవిడ చెప్పే కథలో స్వామి ఎక్కడో ఓ మూల ఉండేవాడు. అంతా ఆ ముసలావిడ గురించే. ఆవిడకి కోడలు వేళకి పెట్టిందా లేదా, మనవడు దగ్గరికొచ్చి కూర్చున్నాడా లేదా... నువ్వు చెప్పకపోతే ఆవిడకి తెలియకపోవడమేమిటి?”

నేను స్వామిని చూస్తున్నప్పుడు, ఆ పక్కనే కూర్చుని మామ్మ ఇంకెవరినో చూస్తోందన్నమాట! ముప్పై ఏడేళ్ళు పైబడి పట్టింది నాకా సంగతి తెలియడానికి. అమ్మమ్మ ముహూర్తం పెట్టిన కథలో అసలు మనిషిని బందరు మామ్మ ఇట్టే గుర్తుపట్టేసింది, ఒక్క మాట అర్థం కాకుండానే.

మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాం. అమ్మకి ఈమధ్య కాస్త వినికిడి తగ్గింది. నాలుగు నిమిషాలు కాగానే నా మోచెయ్యి తట్టి, “ఏమంటున్నాడే?” అంది.

రిమోటు తీసుకుని బొత్తాం నొక్కాను. స్వామి నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఇలా ఆపుకుంటూ పోతే ఇది ఎప్పటికయ్యేను?” అని విసుక్కుంది మా అమ్మాయి.

“అయినప్పుడే అవుతుందిలే, ఇది దూరదర్శన్ కాదుగా” అని, అమ్మ వైపు తిరిగి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.