దుస్తుల చాటున చేతి తుపాకీ: భద్రతా అలవాట్లు

పిస్టల్‌నో రివాల్వర్‌నో పైకి కనిపించకుండా నడుము దగ్గర దాచుకొని తిరగడాన్ని అమెరికాలో కన్సీల్డ్ క్యారీ అంటారు. వెర్మాంట్ రాష్ట్రం ఇందుకు ఏనాడూ అనుమతి పత్రం అడగలేదు. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ప్రత్యేక కారణం చూపితేనే అనుమతి ఇస్తామన్న న్యూయార్క్ నిబంధనను 2022 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అనుమతి అక్కర్లేని చోట సాధారణంగా శిక్షణ కూడా తప్పనిసరి కాదు కాబట్టి, భద్రతంతా మనిషి అలవాట్ల మీదే ఆధారపడుతుంది. అక్కడి తెలుగువారు ముందుగా తెలుసుకోవలసింది మరొకటుంది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి.

1976లో అరిజోనాలో గన్‌సైట్ శిక్షణ కేంద్రాన్ని స్థాపించిన జెఫ్ కూపర్ ప్రచారం చేసిన నాలుగు సూత్రాలే నేటికీ పునాది. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. నాశనమైనా ఫరవాలేదనుకున్న దానివైపు తప్ప గొట్టాన్ని తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. లక్ష్యమేమిటో, దాని వెనక ఏముందో చూసుకోవాలి.

ఒంటి మీద మోసేవారికి వీటితో సమానమైనది హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీని అది గట్టిగా, పూర్తిగా కప్పాలి. 2008 నవంబరులో ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ న్యూయార్క్ క్లబ్బుకు గ్లాక్ పిస్టల్‌ను హోల్‌స్టర్ లేకుండా నడుములో దోపుకొని వెళ్లాడు. అది ప్యాంటులోకి జారింది, పట్టుకోబోతే పేలింది, తూటా అతని తొడలోనే దిగింది. అనుమతి లేని తుపాకీ కావడంతో రెండేళ్ల జైలుశిక్ష కూడా పడింది. జారే తుపాకీని పట్టుకోవాలనిపించడం సహజమే, కానీ తడుముకునే వేళ్లు వెళ్లి పడేది ట్రిగ్గర్ మీదే. నేటి పిస్టళ్లలో చాలావరకు కిందపడినా పేలకుండా తయారైనవే కనుక, పడనిచ్చి తర్వాత తీసుకోవడమే మేలు.

తుపాకీ బయటికి తీయడంలో కన్నా తిరిగి పెట్టడంలో ప్రమాదం ఎక్కువ. చొక్కా అంచో, జాకెట్ తాడు ముడో హోల్‌స్టర్‌లోకి దూరి ట్రిగ్గర్‌కు అడ్డం పడితే, లోపలికి నొక్కిన ఒత్తిడికే తూటా పేలుతుంది. అందుకే రెండో చేత్తో బట్ట పైకెత్తి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాచి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా దించాలి. తిరిగి పెట్టడానికి తొందరపడవలసిన పరిస్థితంటూ ఏదీ ఉండదు. 2024 అక్టోబరులో ముంబైలో నటుడు గోవింద కాలికి తన రివాల్వర్ తూటాయే తగిలింది, ప్రయాణానికి ముందు దాన్ని బీరువాలో పెడుతున్న సమయంలో.

తూటాలు తీసేసే వరుస తప్పితే చాలు, ప్రాణం పోతుంది. పిస్టల్‌లో ముందు మ్యాగజైన్ (తూటాల అర) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) వెనక్కి లాగాలి. ముందే స్లైడ్ లాగితే చాంబర్‌లోని, అంటే పేలేందుకు సిద్ధంగా ఉండే గదిలోని తూటా బయటికి పడుతుంది గానీ, మ్యాగజైన్‌లోని మరో తూటా దాని చోటికి ఎక్కేస్తుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిందనుకుంటారు. చాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోవడం మంచి శిక్షకులు నేర్పే పద్ధతి. రోజూ తూటాలు తీసి పెట్టే బదులు, హోల్‌స్టర్‌తో సహా తీసి తాళం పెట్టెలో ఉంచితే తుపాకీని ముట్టుకునే సందర్భాలే తగ్గుతాయి.

చేతి సంచిలో మోయడాన్ని చాలామంది శిక్షకులు వద్దంటారు. సంచి ఒంటిని విడిచి ఉంటుంది, పిల్లలకు అందుతుంది. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలోని ఒక వాల్‌మార్ట్ దుకాణంలో రెండేళ్ల బిడ్డ తల్లి సంచిలోని పిస్టల్ తీయగా అది పేలి ఆమె చనిపోయింది. ఆ సంచి తుపాకీ కోసమే ప్రత్యేక అరతో తయారైనది. పడకగది సొరుగు, కారు డ్యాష్‌బోర్డు అర కూడా ఇంత ప్రమాదకరమైనవే. కారులో వదిలేసిన తుపాకులు తరచూ దొంగల పాలవుతాయి.

సంచిలో తుపాకీ ఉన్న సంగతి మరిచిపోవడం కూడా మామూలే. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు దొరికాయి, వాటిలో 93 శాతం తుపాకుల్లో తూటాలు నింపి ఉన్నాయి. విమానంలో తీసుకెళ్లాలంటే తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటరు దగ్గర చెప్పి, చెక్-ఇన్ సామానులో పంపాలి.